మొదటి అట్ట మీది పేరు

పోయిన వారం ఆఫీసు కాల్‌లో ఒకాయన నా ఫైళ్ల పేర్లు మురికిగా ఉన్నాయన్నాడు. ఆయన బెంగళూరులో ఉంటాడు. నేను హిందూపురంలో మా మేడ మీది గదిలో కూర్చుని పని చేస్తాను. రైతులు ఇళ్లలో దాచుకున్న విత్తనాల వివరాలతో మేమొక వెబ్‌సైట్ కడుతున్నాం. ఒక్కో విత్తనానికి ఒక్కో ఫైలు. ఆ ఫైళ్లకు రైతులు పెట్టిన పేర్లే ఉన్నాయి. మధ్యలో ఖాళీలు, చుక్కలు, బ్రాకెట్లు, అన్నీ తెలుగు అక్షరాలు.

"క్లీన్ చేసెయ్యండి, పది నిమిషాల పని" అన్నాడాయన.

చెయ్యనన్నాను. ఎందుకన్నాడు. అవి మురికి కాదు కాబట్టి అన్నాను. సాయంత్రం మేనేజరు విడిగా ఫోన్ చేసి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

బాగానే ఉంది. ఈ మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ధర్మవరంలో ఒకామె దగ్గర నేర్చుకున్నాను. ఆమె పోయిన ఆషాఢంలో చనిపోయింది. కబురు నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. వెళ్లేసరికి ఇంటి ముందు వేసిన షామియానా కూడా విప్పేశారు. ఆ మధ్యాహ్నం వాళ్ల అరుగు మీద ఒక్కడినే కూర్చుని, ఈమె గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఇన్ని నెలలకు, పేర్లు కడగమన్న పెద్దమనిషి పుణ్యమా అని చెప్పాల్సి వచ్చింది.

ఆమె పని అట్టలు కుట్టడం. పట్టుచీర అంచులో నెమలి రావాలంటే ఆ నెమలి ఎలా ఉండాలో మగ్గం పైన బిగించిన జకార్డు పెట్టెకు ఎవరో ఒకరు చెప్పాలి. రంధ్రాలు కొట్టిన అట్టముక్కలతో చెబుతారు. ఒక్కో అడ్డపోగుకు ఒక్కో అట్ట. వందల కొద్దీ అట్టల్ని వరసగా దారంతో కలిపి కుడితే ఒక కట్ట, అంటే ఒక డిజైను. రంధ్రాలు కొట్టేవాడు ఆమె భర్త. వరస తప్పకుండా కుట్టేది ఆమె. ఆ కట్ట మగ్గమెక్కి మొదటి చీర దిగిన రోజున, కట్టలోని మొదటి అట్ట మీద నల్లసిరాతో పేరు రాసేది కూడా ఆమే.

పేరంటే డిజైను పేరొక్కటే కాదు. ఆ డిజైను ఎవరు అడిగి కొట్టించుకున్నారో ఆ మనిషి పేరు. అది ఆ ఇంటి పద్ధతి. వేరే ఇళ్లలో ఉందో లేదో నాకు తెలీదు. చీర దిగకముందు పేరు రాయకూడదు. రాసినాక రెండోచోట రాయకూడదు. "పేరు ఒగసారే రాయల్ల, ఒగచోటే రాయల్ల, సరిగ్గా రాయల్ల" అనేది. ఈ మాట ఆమె నోట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

మొదటిసారి ఆమెను చూసినప్పుడు నేను నమస్కారం పెట్టి "అవ్వా" అన్నాను. అరవై దాటి ఉంటాయి, జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, తప్పేముంది అనుకున్నాను.

"ఎవరికప్పా అవ్వ? పండ్లన్నీ ఉండాయి నాకు. అత్తా అను" అంది. తర్వాత "యా ఊరు?" అని అడిగింది. హిందూపురమని చెప్పాను.

"అదే అనుకున్నా. మాటలో కన్నడం తగుల్తాండాది. డబ్బుల్ని మీరు దుడ్లు అంటారు కదా?"

అంటామని ఒప్పుకున్నాను. ఏదో నేరం ఒప్పుకున్నట్టు సంతోషపడింది. ఆ తర్వాత నాలుగేళ్లలో నేను ఎప్పుడు ఏ తప్పు చేసినా "హిందూపురమోడివి కదా" అని ఆ మాట మీదికే తోసేది.

ఆమె కొప్పులో ఎప్పుడూ ఒక దబ్బనం ఉండేది. గోనెసంచులు కుట్టే దబ్బనం కంటే కొంచెం సన్నది. అట్టలు కుట్టేది దాంతోనే. ఎదురు మాట్లాడాలనుకున్నప్పుడు మాత్రం దాన్ని కొప్పులోంచి తీసి, చేత్తో పట్టుకుని, దాని మొనతో చూపిస్తూ మాట్లాడేది. సంఘం సెక్రటరీ ఆమె చెయ్యి కొప్పు వైపు పోవడం చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకోవడం నేను కళ్లారా చూశాను.

సంఘమంటే పెద్దదేమీ కాదు. పదకొండు నేత కుటుంబాలు కలిసి పెట్టుకున్నది. ధర్మవరంలో ఒక మిద్దె మీద ఒక గది, ఒక బీరువా, ఆరు కుర్చీలు. మగ్గాలకు కంప్యూటర్ జకార్డులు వచ్చాక పాత అట్టల కట్టలు ఎవరికీ అక్కరలేకుండా పోయాయి. పాత పేపర్ల బండ్లకు పడేస్తుంటే ఈమె ఇల్లిల్లూ తిరిగి, తను కుట్టిన కట్టల్ని తానే వెనక్కి మోసుకొచ్చి ట్రంకుపెట్టెల్లో పెట్టుకుంది. అదే సమయానికి ఒక పెద్ద దుకాణం ఆ పాత డిజైన్లనే తన సొంతమని పేర్లు మార్చి అమ్మడం మొదలుపెట్టింది. అవి ఎవరు అడిగి నేయించినవో చెప్పడానికి లోకంలో మిగిలిన సాక్ష్యం ఆ మొదటి అట్టలే. అందరికీ కనబడేలా వాటిని వెబ్‌సైట్‌లో పెట్టాలని సంఘం వాళ్లు అనుకున్నారు. అలా నన్ను పిలిచారు.

ఫైళ్లన్నీ ఆమే తయారు చేయించింది. ఎదురుగా ఉన్న జిరాక్సు షాపామె పక్కన రోజూ మధ్యాహ్నం స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కో కట్టకు ఒక్కో ఫైలు టైపు చేయించింది. ఎన్ని అట్టలు, ఏ అంచు, ఏ కొంగు, ఫోటో ఏది. ఫైలు పేరు మాత్రం మొదటి అట్ట మీద ఏముంటే అదే, అక్షరం తేడా లేకుండా. అది రెండోచోట రాయడం కాదు, ఆ అట్టనే చూపించడమని ఆమె లెక్క. నాకు పెన్‌డ్రైవ్ ఇచ్చిన రోజున తెరిచి చూసి తల పట్టుకున్నాను.

"కొత్తచెరువు సాలమ్మ. హంస అంచు (మొగుడు వద్దన్నా)".

"ఓ.డి.చెరువు చిన్నక్క. 3వ కొంగు".

"గాండ్లపెంట నాగమ్మోళ్లు. మామిడిపిందె అంచు (అమ్మది)". దాని కిందే "గాండ్లపెంట నాగమ్మోళ్లు. మామిడిపిందె అంచు (కూతురిది)".

"మొగుడు వద్దన్నా ఏంటత్తా?" అని అడిగాను.

"వద్దన్న్యాడు. హంసలు ముసలోళ్ల చీరకు అన్న్యాడు. ఆయమ్మ ఇనల్యా. కొట్టించుకునింది, నేసింది, పెండ్లికి కట్టుకోని పోయింది. ఆ సంగతి రాయకపోతే ఆ హంస ఎట్ల తెలుస్తాది?"

ఆమె దృష్టిలో బ్రాకెట్లో ఉన్నది అదనపు మాట కాదు. అసలు సంగతే అది. ఓబులదేవరచెరువును మాత్రం అందరిలాగే ఓ.డి.చెరువు అని రాసింది, రెండు చుక్కలూ పెట్టి.

ఇప్పుడు నా పని గురించి రెండు మాటలు చెప్పాలి. నేను వాడేది స్టాటిక్ సైట్ జనరేటర్. డేటా అనే ఫోల్డర్లో ఉన్న ఫైళ్లు తీసుకుని, మనం ఇచ్చిన నమూనాలో పోసి, పేజీలన్నీ ఒకేసారి వండి పెట్టేస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్లకు వండినదే వడ్డిస్తుంది. అందుకే చవక, అందుకే తొందరగా చెడిపోదు. దానికున్న తిక్క ఒక్కటే. ఫైలు పేరే దానికి పిలుపు. ఆ పిలుపు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉంటే పలుకుతుంది. చుక్క పెడితే, చుక్క తర్వాతది ఇంకో గదిలో ఉందనుకుని వెతుక్కుంటూ పోతుంది. ఓ.డి.చెరువు అంటే 'ఓ' అనే ఇంట్లో 'డి' అనే గదిలో 'చెరువు' అనే పెట్టె అని దాని లెక్క. అందుకని నాలాంటివాళ్లందరూ చేసేది ఒకటే. సైటు కట్టే ముందు పేర్లన్నిటినీ కడిగేస్తాం.

నేనూ కడిగాను. పది వరసల ప్రోగ్రాం రాశాను. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చు, ఖాళీ ఉన్నచోట గీత పెట్టు, చుక్కలు తీసెయ్, బ్రాకెట్ ఉంటే దాంతోపాటు లోపలిదంతా కత్తిరించెయ్. ఒక్క మీట నొక్కితే ఫైళ్లన్నీ స్కూలు యూనిఫాం వేసుకున్న పిల్లల్లా వరసగా నిలబడ్డాయి. సైటు చకచకా తయారైంది. తప్పుందని చెప్పే ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

సంఘం గదిలో ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మ వేసి అందరికీ చూపించిన రోజును తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నేసేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, ముప్పై మంది దాకా వచ్చారు. బొరుగుల ఒగ్గాణి, బజ్జీలు తెప్పించారు. ఎవరి డిజైను వస్తే వాళ్లు ఈలలేస్తున్నారు. ఆమె మాత్రం గోడ పక్కన నిలబడి, బొమ్మలు చూడకుండా, వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతోంది. జాబితా చివరికి వచ్చాక నన్ను పిలిచింది.

"ఎన్ని ఉండాయప్పా నీ దాంట్లో?"

"అన్నీ ఉన్నాయత్తా."

"అన్నీ అంటే ఎన్ని?"

నాకు తెలీదు. నిజంగానే తెలీదు. లెక్కపెట్టాలన్న ఆలోచనే రాలేదు.

"నేను నీకిచ్చినేవి రెండునూర్ల ఆరు. ఈడ నూటతొంభై ఎనిమిది ఉండాయి. ఎనిమిది మంది ఏమైరి?"

ఎనిమిది ఫైళ్లు అనలేదు. ఎనిమిది మంది అంది. అప్పుడు వెనకనుంచి ఒకామె లేచింది. గాండ్లపెంట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి, యాభై ఏళ్లుంటాయి. మామిడిపిందె అంచు అమ్మాకూతుళ్లలో ఆమె కూతురు.

"నాది ఉండాది. మాయమ్మది ల్యా" అంది. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

జరిగింది నాకు అప్పుడే తట్టింది. బ్రాకెట్లు కత్తిరించాను కదా, అమ్మ ఫైలుకూ కూతురి ఫైలుకూ ఒకే పేరు మిగిలింది. రెండోది వచ్చి మొదటిదాని మీద కూర్చుంది. మొదటిది పోయింది. అలా ఎనిమిదిసార్లు. ప్రోగ్రాం నాకు ఒక్క మాట చెప్పలేదు, చెప్పమని నేను దాన్ని అడగనూ లేదు.

"సాఫ్ట్‌వేర్‌లో చిన్న లోపమత్తా" అన్నాను, మా వాళ్లందరూ అనే మాటే.

ఆమె చెయ్యి కొప్పు వైపు పోయింది. "పేర్లు అది మార్చిందా, నువ్వు మార్చినావా?"

"నేనే మార్చాను."

"ఏమిటికి?"

"దానికి ఇలాంటి పేర్లు అర్థం కావు."

"అర్థం కాకపోతే దాన్ని నేర్చుకోమను. దానికి రాదని సాలమ్మ ఏమిటికి మారల్ల?"

సెక్రటరీ నన్ను కాపాడదామనుకున్నాడు పాపం. మంచివాడే. "ఇదంతా ఏమిటికి లేప్పా, నంబర్లు ఏసేద్దాం. డి ఒకటి, డి రెండు, డి మూడు. దుకాణాలోళ్లూ అట్లనే ఏస్తారు. గొడవుండదు" అన్నాడు.

దబ్బనం ఇప్పుడు ఆయన వైపు తిరిగింది. "మీ యమ్మకు ఏం నంబరు ఏసినావప్పా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సెక్రటరీ తల దించుకున్నాడు. ఆమె పోయి, గది మూల తెచ్చి పెట్టిన తన ట్రంకుపెట్టెల్లో ఒకదాని మీద కూర్చుంది.

"నంబర్లు ఏసేటట్టయితే ఈ పెట్టెలు నాతోపాటు ఇంటికొస్తాయి. పేపర్ల బండికి పోనీకుండా తెచ్చుకున్న్యా వీళ్లను. నంబర్లకు ఇచ్చేదానికి కాదు. రెండునూర్ల ఆరు మందీ ఉంటే ఉంటాం. ల్యాకపోతే ఒగరమూ ఉండం."

ఉంటారు అనలేదు, ఉంటాం అంది. ఆ రోజు ఆ మాట నేను పట్టించుకోలేదు. సంఘం వాళ్లు ఆ వెబ్‌సైట్ కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నారు. పెట్టెలు లేకపోతే సైటూ లేదు, ఆ డిజైన్లు ఎవరివని అడిగేవాడికి చూపించడానికి ఇంకేమీ లేదు. అందరూ నా వైపు చూశారు. వారం రోజులు గడువు అడిగాను. ఇచ్చింది. ఇచ్చే ముందు మాత్రం మరుసటి రోజు తన ఇంటికి రమ్మంది.

ఆ ఇంట్లో ముందుగదిలో కిటికీ కింద ఆమె పని చేసే చెక్కబల్ల ఉండేది. నేను వెళ్లేసరికి దాని మీద పాత కట్ట ఒకటి విప్పి పెట్టింది. అట్టల అంచుల మీద వేలు పోనిచ్చి, ఒకచోట ఆపి, "చూడు" అంది. నాకేమీ కనబడలేదు. గోరు దూర్చి విడదీస్తే, ఒకటి అనుకున్నది రెండు అట్టలు. నూనె తగిలి అతుక్కుపోయాయి. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో చూసుకోకుండా రెండిటినీ ఒకటిగా కుట్టేసిందట.

"మగ్గం ఆగల్యా. అరవల్యా. ఆడతానే ఉన్నింది. మూరెడు నేసినాక చూస్తే నెమలికి మెడకాడ గీత తెగిండాది. నేసే ఆయమ్మ మా ఇంటికొచ్చి ఆ గుడ్డ నా ముందర పరిచి పోయింది. ఆ పొద్దునుంచీ కుట్టేటప్పుడు ఒగసారి, కుట్టినాక ఒగసారి లెక్కబెడతాండా." ఆ అతుక్కున్న అట్టల్ని పారేయకుండా అన్నేళ్లూ దాచుకుంది. "నీ మిషనూ అంతే కదా. అరవదు. అరిచేటట్టు చెయ్."

నేను ఇంజనీరింగ్ చదివాను. పద్నాలుగేళ్లుగా ఇదే పని. నాకు ఏ కంపెనీలోనూ ఎవరూ ఇంత చక్కగా చెప్పలేదు. కోపమూ వచ్చింది, సిగ్గూ వేసింది. హిందూపురం తిరిగొచ్చి ఆ పది వరసల ప్రోగ్రాంను చెరిపేశాను.

చేయాల్సింది నిజానికి పెద్ద కష్టం కాదు, అదే నాకు ఇంకా మంటగా ఉంది. ఫైలును చుక్క పెట్టి పిలవకుండా, పేరు మొత్తాన్ని కోట్స్‌లో పెట్టి పిలిస్తే జనరేటర్ పలుకుతుంది. ఖాళీలున్నా, చుక్కలున్నా, బ్రాకెట్లున్నా, అక్షరం పోకుండా. ఇన్నేళ్లూ బద్ధకం నాది, నింద పేర్ల మీద. పేజీల చిరునామాలు కూడా తెలుగులోనే పెట్టాను. వాట్సాప్‌లో పంపితే అవి బారెడు పొడుగున శాతం గుర్తులతో వస్తాయని హెచ్చరించాను. "పొడుగైతే పొడుగు. చీర పొడుగని ఎవరైనా కత్తిరిస్తారా?" అంది.

చివరగా అరిచే పని. సైటు కట్టే ముందు ఫైళ్లను లెక్కపెట్టి, కట్టాక పేజీలను లెక్కపెట్టి, రెండూ ఆమె చెప్పిన అంకెతో సరిపోకపోతే పని ఆపేసి ఎర్ర అక్షరాల్లో చెప్పేటట్టు రాశాను. అంకె నా చేత్తో రాశాను: 206.

ఒక్క పేరు మాత్రం మొదటి అట్ట మీద ఉన్నట్టుగా లేదు. "1/2 హంస" అని ఉంటే, ఆ ఏటవాలు గీతను ఏ కంప్యూటరూ ఫైలు పేరులో ఉండనివ్వదు. జిరాక్సు షాపులోనే ఆ తగువు తేలిందట. గంటసేపు వాదించి, ఇక కుదరదని తేలాక, నేయించుకున్న మనిషి ఇంటికి నడిచిపోయి అడిగి వచ్చి "అర హంస" అని టైపు చేయించింది. "అది మిషను మార్చింది కాదు, అడిగి మార్చింది" అని నాకు నొక్కి చెప్పింది. ఆ తేడా నాకు అప్పట్లో చాదస్తంగా అనిపించింది. ఇప్పుడు నా ఉద్యోగం మొత్తం ఆ తేడా మీదే నడుస్తోంది.

వారం తర్వాత మళ్లీ గోడ మీద బొమ్మ వేశాం. ఈసారి ఒగ్గాణి తెప్పించలేదు, నా మీద అంత నమ్మకం. ఆమె కణుపులు లెక్కపెట్టింది. గాండ్లపెంట ఆమె మళ్లీ బస్సెక్కి వచ్చింది. అమ్మ పేరు గోడ మీదికి రాగానే ముందుకెళ్లి, ఆ వెలుతురు తన వీపు మీద పడుతున్నా పక్కకు జరగకుండా చదువుకుంది. ఎవరూ ఆమెను తప్పుకోమనలేదు. అట్టలామె లెక్క ముగించి దబ్బనం కొప్పులో పెట్టుకుంది. అదే నాకు ఆమె ఇచ్చిన మెప్పు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఒకే రైలెక్కాం. ఆమె పుట్టిల్లు పెనుకొండ. తమ్ముడి ఇంటికి పోతోంది. నేను అదే రైల్లో ఇంకొంచెం ముందుకు, హిందూపురానికి. కిటికీ పక్కన కూర్చుని పట్టాలకేసి చూస్తోంది. నా మనసులో ఒక అనుమానం ఉంది. ఆమె ట్రంకుపెట్టెల్లో ఒకదాని అడుగున, తువ్వాలు చుట్టిన కట్ట ఒకటి చూశాను. మొదటి అట్ట మీద ఏమీ రాసి లేదు. రెండు వందల ఆరులో అది లేదు. అడిగాను.

"అది లెక్కలోది కాదులేప్పా" అంది. మళ్లీ తనే చెప్పింది. "పెండ్లయినాక ఈ రైల్లోనే తెచ్చినారు నన్ను ధర్మవరానికి. దారి పొడుగునా పక్కనున్న పట్టాలే చూస్తా వచ్చినా. కలుస్తాయేమో అని. కలవవు, ఇడిపోవు. చీరకు అంచు మాదిరే. ఆ మాట మా ఇంటాయప్పకు చెప్తే ఎగతాళిగా నగల్యా. వారంలో కొట్టి ఇచ్చినాడు, రైలుపట్టాల అంచు. నేనే కుట్టినా. కానీ నేసేవాళ్లే దొరకల్యా. పెండ్లిచీరకు రైలుపట్టాలేందని నగిరి."

"అడిగింది మీరే కదత్తా. మీ పేరు రాసుకోవచ్చు కదా?"

"చీర దిగల్యా కదప్పా."

"ఎవరు చూస్తారు?"

నా వైపు తిరిగింది. "ఇంతమంది పేర్లు రాసినా. ఒగటీ తప్పు రాయల్యా. నాది ఒగటి తప్పు రాసుకుంటే, తక్కినేవి నమ్ముతారా ఎవరైనా?" పెనుకొండ రాగానే సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. దిగే ముందు వెనక్కి తిరిగి, "హిందూపురమోడివి కదా, నీకు ఇవన్నీ యాడ తెలుస్తాయి" అని నవ్వింది. మెట్ల మీద ఆమె వెనక జనం తోసుకుంటున్నా తొందరపడకుండా దిగింది.

ఆ తర్వాత ఆమెను మూడు నాలుగుసార్లే చూశాను. ఆ దుకాణం వాళ్లు ఒకసారి పెద్ద కారులో వచ్చి, సైట్‌లోంచి పేర్లు తీసేస్తే సంఘానికి మంచి ఆర్డర్లు ఇస్తామన్నారట. సెక్రటరీ ఆమెను పిలవకుండానే, తనే వద్దని పంపించేశాడట. ఆ సంగతి ఫోన్‌లో చెబుతూ "దబ్బనం లేకుండానే చెప్పినా చూడు" అని సెక్రటరీ తనతో అన్నాడంది. ఆయన మాటల్ని ఆయనలాగే పలికి వినిపించింది. అంత సంతోషంగా ఆమె మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

ఆమె చనిపోయిన రోజుల్లో కట్టలేమవుతాయోనని భయపడ్డాను. ఏమీ కాలేదు. పెట్టెలు సంఘం గదిలో ఉన్నాయి. తువ్వాలు చుట్టిన కట్టను మాత్రం, రైలుపట్టాల సంగతి నా నోట విని, గాండ్లపెంట ఆమె తీసుకుపోయింది. ఎవరినీ అడగలేదు. పాత జకార్డు పెట్టె ఒకటి ఎక్కడో వెతికి తన మగ్గానికి బిగించుకుంది. తన సొంత పనులు పక్కన పెట్టి, నెలన్నర ఆ ఒక్క చీరే నేసింది. చీర దిగిన రోజున మొదటి అట్ట మీద నల్లసిరాతో పేరు రాసి, దాని ఫోటో నాకు పంపింది. కింద ఒక్క ముక్క: "సరిగ్గా రాసినా. చూసుకో."

బెంగళూరు ఆయన నా ఫైళ్లను మురికి అన్న రోజుకు సరిగ్గా ముందురోజు వచ్చింది ఆ ఫోటో. నేను కొత్త ఫైలు చేశాను. మొదటి అట్ట మీద ఎలా ఉందో అలాగే పేరు పెట్టాను. సైటు కట్టమని మీట నొక్కాను.

అది కట్టలేదు. ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఉండాల్సినవి 206, ఉన్నవి 207.

ఆ వరస రాసింది నేనే. అయినా ఉలిక్కిపడ్డాను. ఆ తర్వాత మేడ మీద గదిలో ఒక్కడినే కూర్చుని బాగా ఏడ్చాను. అరిచేటట్టు చెయ్యమంది కదా, అరిచింది. ఆమె వచ్చినప్పుడే అరిచింది. చాలాసేపటికి ప్రోగ్రాం తెరిచి ఆరు చెరిపి ఏడు రాశాను. ఈసారి ఆగకుండా కట్టింది. పేజీలు నా వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకున్నాను. సరిపోయాయి.

ఇంత రాసి ఆమె పేరు చెప్పలేదేమని మీరు అడగవచ్చు. పేరు ఒక్కచోటే రాయాలి. అది రాశారు, రాయాల్సినచోట, రాయాల్సిన మనిషి. నేను ఇంకోచోట రాయను. ఆ పేరులో ఒక ఇంటిపేరు, దాని తర్వాత చుక్క, నాలుగు ఖాళీలు, చివర బ్రాకెట్లో "చీర దిగింది" అని ఉన్నాయి. దాన్ని కడిగేవాళ్లు ఎవరైనా ఉంటే రమ్మనండి, నేను హిందూపురంలోనే ఉంటాను.